బావ చెప్పిన రక్తపిశాచి కథ

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సెల్‌ఫోన్ చూస్తూ కళ్ళు తుడుచుకుంటుంటే, ఏమైందోనని కంగారు పడి అడిగాను. ఏమీ లేదట, అందులో రక్తపిశాచి ఏడుస్తున్నాడట, పాపం మూడు వందల ఏళ్ళుగా ఒక్కడే ఉన్నాడట. రక్తపిశాచిని చూసి మేమూ చిన్నప్పుడు ఏడ్చేవాళ్ళం, కాకపోతే భయంతో.

మీకూ గుర్తుండే ఉంటుంది, అద్దె పుస్తకాల షాపుల్లో ఆ నవలల అట్ట మీద నల్ల కోటూ, పెదవి మీంచి కారే నెత్తురూ, రెండు కోరపళ్ళూ తప్ప వేరే బొమ్మ ఉండేది కాదు, గుండెల్లో కొయ్యమేకు దిగితే గానీ కథ ముగిసేది కాదు. వాడికీ ఒక మనసుంటుందని ఎవరూ రాసిన పాపాన పోలేదు. తర్వాత్తర్వాత తెర మీద వాడు మంచి బట్టలు కట్టాడు, ప్రేమలో పడ్డాడు, కాలేజీలో చేరి, మనుషుల జోలికి పోకుండా జంతువుల నెత్తురుతో సరిపెట్టుకుంటూ చేసిన పాపాలకు కుమిలిపోవడం మొదలుపెట్టాడు. ఇదంతా ఈమధ్య వచ్చిన మార్పని మా ఇంట్లో పిల్లలు నాకు పాఠం చెబుతుంటారు. నేను పోర్టులో గుమాస్తాగా చేరిన కొత్తలోనే మా బావ ఆ పని చేసేశాడని వాళ్ళకేం తెలుసు!

బావంటే మా పెద్దక్క భర్త, పోర్టులోనే ఓడల మీద సరుకులు ఎత్తి దించే వించి డ్రైవరు. అక్క చనిపోయిన ఏడాదికి నేను ఎలమంచిలి నుంచి ఉద్యోగానికొచ్చి, మద్దిలపాలెంలో ఆయన రెండు గదుల ఇంట్లో దిగాను. వాళ్ళకు పిల్లల్లేరు. వంట ఆయనే చేసి, నాకు వడ్డించి, నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చునేవాడు. అక్క ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. ఆదివారాలు సినిమా హాల్లో ఉదయం ఆటకి ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. ఓడల మీద తెల్లవాళ్ళతో పనిచేసిన మనిషి గనక ఆయనకు ఇంగ్లీషు వచ్చని నమ్మి, పోర్టు కళాసీలు ముప్పై మంది దాకా బెంచీ టికెట్లు తీసుకుని ఆయన చుట్టూ కూర్చునేవారు. తెర మీద వాళ్ళు మాట్లాడుతుంటే బావ ఇక్కడ తెలుగులో కథ చెప్పేవాడు.

ఒక ఆదివారం రక్తపిశాచి సినిమా పడింది. కోరలవాడు ఒక ఇంటి ముందు నిలబడి ఏదో అన్నాడు.

"ఆడు రగతం కోసం రానేదురా," అన్నాడు బావ. "అంత పెద్ద బంగళాలో పలకరించే నాథుడు లేక, మనిసి గొంతు ఇందామని వచ్చీసినాడు. కాసేపు కూకోనివ్వండి, ఎలిపోతానంటన్నాడు."

ఈలలు వేయడానికొచ్చిన కళాసీలు బావ వైపు ముందుకు జరిగి విన్నారు. చివర్లో మేకు దిగినప్పుడు కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఒకాయనైతే తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

నేను కొత్తగా బీఏ పాసయినవాణ్ణి, ఇక నన్ను పట్టేదెవరు? ఆట వదిలాక టీ బడ్డీ దగ్గర అందరూ వింటుండగా, అదంతా బావ అల్లిన కథ, వాడు గుర్రపుబండి ఎప్పుడొస్తుందని అడిగాడంతే, అని గట్టిగా చెప్పేశాను. అందరూ గొల్లుమన్నారు, నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. బావ కూడా నవ్వి, టీ సగంలోనే వదిలేసి ఇంటికి నడిచాడు.

మరుసటి ఆదివారం సినిమా మొదలైనా ఆయన నోరు విప్పలేదు.

"ఏటి బావా, సెప్పవేటి?" అన్నారు కళాసీలు.

"నాకేటొచ్చు? మా బామ్మర్ది సదూకున్నాడు. ఆడు సెప్తాడు, ఇనండి."

నేను చెప్పాను, మాట పొల్లుపోకుండా, ఒక్క తప్పు లేకుండా. నాలుగు వారాలు తిరిగేసరికి మా బెంచీల మీద నేనూ, బావా మిగిలాం. ఆ తర్వాత ఆయన మోకాళ్ళ నొప్పులని మానేశాడు. అంత పెద్ద బంగళా మా రెండు గదుల ఇల్లేననీ, అక్క గొంతు వినపడక అల్లాడుతున్నది ఆయనేననీ ఆ వయసులో నాకు తట్టలేదు. వారానికోసారి ముప్పై మంది ఆయన మాట వినేవారు, అదీ నేనే పోగొట్టాను. క్వార్టర్స్ రాగానే నేను వేరే వెళ్ళిపోయాను. ఆయన రిటైరై ఆనందపురం వైపు తన ఊరు చేరి, అక్కడే పోయాడు. క్షమించమని అడగాలనుకుంటూనే నేను రోజులు గడిపేశాను.

మనవరాలు ఏడ్చిన మర్నాడు అందరూ ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళాక, ఆ సీరియల్ హాల్లో టీవీలో పెట్టుకున్నాను. ఇప్పుడు అన్నీ తెలుగులోనే మాట్లాడుతున్నాయి, పక్కన కూర్చుని చెప్పేవాడి అవసరం ఎవరికీ లేదు, ఎవరి తెర వాళ్ళది. రెండో భాగంలో ఆ కుర్రాడు ఒక ఇంటి గుమ్మం బయట నిలబడి, నాకేమీ వద్దు, మీరు మాట్లాడుకుంటుంటే కాసేపు వింటాను, అని బతిమాలాడు. నాకు దుఃఖం ఆగలేదు.

"నువ్వే కరెక్ట్ బావా," అన్నాను పైకే. ముప్పై మంది ముందు తప్పని చెప్పినవాణ్ణి, ఒప్పని చెబుతుంటే వినడానికి ఒక్కరూ లేరు.