పన్నెండో ఎక్కం తర్వాత

దయ్యం, గాలి, చేతబడి. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ నేను నా గడప దాటి లోపలికి రానివ్వలేదు. శ్మశానం గోడకు ఆనుకుని ఉన్న వెంచర్‌లో ప్లాట్లు అమ్మినవాణ్ణి నేను. "ఈ పక్కన జన్మలో బిల్డింగ్ లేవదు సార్, గాలికి అడ్డముండదు" అని అదే గోడ మీద చెయ్యి వేసి చెప్పినవాణ్ణి. మధ్యాహ్నమైతే ఆ గోడ మీదే కూర్చుని బిర్యానీ పొట్లం విప్పేవాణ్ణి. అన్నేళ్లలో ఒక్క దయ్యమూ వచ్చి ఒక్క ముక్క అడగలేదు.

ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకుంటాను. నాకు పెంచి చెప్పే అలవాటుంది. ఇబ్రహీంపట్నం చెరువును కస్టమర్లకు సముద్రానికి మేనకోడలిగా పరిచయం చేసేవాణ్ణి. కాబట్టి ఇందులో పక్కింటావిడ పుస్తకం గురించీ, మా ఇంట్లో జరిగిన హడావిడి గురించీ నేను ఎంత పెంచినా క్షమించండి. టేపు సంగతి వచ్చేసరికి మాత్రం ఇంచు కూడా పెంచను.

అవి భూములకు రెక్కలొచ్చిన రోజులు. సాగర్ రోడ్డు పొడవునా రంగురంగుల జెండాలు. ఆదివారం వస్తే జీపుల్లో కస్టమర్లు, జీపుల మీద కూడా కస్టమర్లు. పొద్దున మేకల్ని తోలుకుపోయినవాడు సాయంత్రం తిరిగొచ్చేసరికి దారిలో కొత్త ఇంజనీరింగ్ కాలేజీ లేచి ఉండేది. మా పెళ్లయిన తొమ్మిదేళ్లకు, ఆ రోజుల్లోనే, నా భార్య సుజాత మళ్లీ నెల తప్పింది. అంతకు ముందు రెండు సార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఆ రెండింటి మీద నేను జోకులు వెయ్యను.

మా పక్క వాటాలో రమణి గారని తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఆవిడ ఉండేది. ఇంట్లోనే పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పేది. సుజాతకు ఏడో నెల పడగానే ఆవిడ ఒక పుస్తకం మోసుకొచ్చింది. కడుపులో ఉన్న బిడ్డకు చదువు చెప్పడం ఎలాగో అందులో రాసి ఉంది. దాన్ని బల్ల మీద పెడితే బల్ల మూలిగింది.

"ఇప్పుడే మొదలెట్టాలండీ. పుట్టాక అంటే ఆలస్యమైపోతుంది," అందావిడ.

"అంటె హాల్ టికెట్ గూడ ఇప్పుడే తీసుకోవాల్నా మేడం?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. సుజాత కూడా నవ్వలేదు. రెండు సార్లు పోగొట్టుకున్న మనిషి, బిడ్డ బతుకుతుందంటే ఆ పుస్తకాన్ని నానబెట్టి తాగేసేలా ఉంది. నేను సరేనన్నాను.

ఇక చూడండి. పొద్దున్నే వీణ క్యాసెట్. పది గంటలకు పొట్టకు కుడివైపు టార్చిలైటు, తర్వాత ఎడమవైపు. వెలుగు ఎటుంటే బిడ్డ అటు తిరగాలట. మధ్యాహ్నం వేళ్లతో తట్టడం. మనం రెండు తడితే బిడ్డ రెండు తన్నాలట. సాయంత్రం తండ్రి గొంతు వినిపించాలి. గొంతు సూటిగా లోపలికి పోవడానికి కాగితం గొట్టం పెట్టుకోమని పుస్తకం చెప్పింది. మా ఇంట్లో కాగితానికేం కరువు? వెంచర్ లేఅవుట్ మ్యాపును చుట్టి, ఒక కొన సుజాత పొట్టకు ఆనించి, రెండో కొన నా నోటికి పెట్టుకునేవాణ్ణి. నూటపది ప్లాట్లు, రెండు పార్కులు, నలభై అడుగుల రోడ్డు దాటుకుని నా గొంతు నా బిడ్డను చేరేది.

సాయానికొచ్చిన మా అత్త, సుజాత తల్లి, గుమ్మంలో నిలబడి ఆ దృశ్యం చూసింది. "ఏంది కొడుకా గిది, కడుపుకు ఫోన్ కలుపుతున్నవా?" అంది.

కలిపాం సరే, మాట్లాడేదేమిటి? నాకు శ్లోకాలు రావు. పాట ఎత్తుకుంటే కందుకూరు దాకా బర్రెలు తాళ్లు తెంపుకుంటాయి. రమణి గారే తేల్చింది. ఎక్కాలు చెప్పమంది.

రెండో ఎక్కం నుంచి పన్నెండో ఎక్కం దాకా చెప్పాను. పన్నెండు దగ్గర నా బండి ఆగిపోతుంది. నాకు పదిహేనో ఎక్కం వచ్చు, ఇరవై వచ్చు, పదమూడు మాత్రం రాదు. దాని కోసం మా సారు బడి వెనకున్న కానుగ చెట్టును కొమ్మల్లేకుండా చేశాడు. అయినా రాలేదు. పెళ్లిచూపుల్లో తప్ప అన్ని చోట్లా నేను ఈ సంగతి ఒప్పుకున్నాను.

ఎనిమిదో నెలలో సైటు పని పెరిగి సాయంత్రాలు ఇంటికి రావడం కుదర్లేదు. అందుకని పాత టేపు రికార్డర్ దుమ్ము దులిపి, కొత్త క్యాసెట్‌లో ఎక్కాలు చెప్పి పెట్టాను. పన్నెండు పూర్తయ్యాక గొంతు సవరించుకుని "ఇగ చాలు బిడ్డా, పండుకో" అని బటన్ నొక్కేశాను. ఆ తర్వాత అందులో ఏమీ లేదు.

రోజూ ఆ టేపు పెడితే తొమ్మిదో ఎక్కం దగ్గర బిడ్డ తన్నేది. దాదాపు ప్రతిరోజూ. నేను మాత్రం బజార్లో, తొమ్మిదో ఎక్కం తప్పు చెబితే నా బిడ్డ లోపలి నుంచి దిద్దుతుందని ప్రచారం చేశాను.

ఇక్కడి నుంచి పెంచడం లేదు.

నెలలు నిండడానికి ఇంకా మూడు వారాలున్నాయి. బుధవారం. అన్నాలకు కూర్చునే వేళ. పొద్దుటి నుంచి బిడ్డ కదల్లేదని సుజాత చెప్పింది. కదలిక తగ్గితే ఆలస్యం చెయ్యకుండా రమ్మని డాక్టరమ్మ ముందే గట్టిగా చెప్పి ఉంది. "పండుకున్నదేమో తియ్యి. ఊకె దవాఖానకు ఉరికితె నవ్వుతరు," అంది మా అత్త. రమణి గారు అప్పుడే పప్పు గిన్నెతో వచ్చింది.

టేపు పెట్టి చూద్దామన్నది నేను. ఆ తప్పును ఎవరి మీదికీ నెట్టను. డాక్టరమ్మ మాట కంటే నా క్యాసెట్ మీద నాకు నమ్మకం ఎక్కువైంది.

తొమ్మిదో ఎక్కం వచ్చింది, పోయింది. సుజాత రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని కూర్చుంది. ఏమీ లేదు. పది. పదకొండు. "ఇది అయినంక మల్ల మొదటి నుంచి పెడదాం," అన్నాను. అత్త సరేనంది. పన్నెండు పూర్తయింది. టేపులో నేను గొంతు సవరించుకున్నాను. ఆపుదామని చెయ్యి చాపాను.

"పదమూడు ఒకట్ల పదమూడు," అంది టేపు.

నా గొంతే. అదే సాగదీత, అదే వేగం. తడబాటు లేదు. పదమూడు రెళ్లు ఇరవై ఆరు. పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది. సరిచూస్తున్నట్టు రమణి గారి పెదాలు వెంటవెంటే కదులుతున్నాయి. చాపిన నా చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. పదమూడు ఏడుల తొంభై ఒకటి దగ్గర సుజాత లేచి నిలబడింది.

"నీకు గిది రాదు గద," అంది.

"రాదు."

"మరి ఎవలు చెప్తున్నరు?"

"పదమూడు ఎనిమిదుల నూట నాలుగు," అంది టేపు.

"నడువు దవాఖానకు," అంది. ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి నా చెప్పు వేసుకుని అప్పటికే వాకిట్లోకి నడిచింది. వెంచర్ జీపు బయటే ఉంది. నేనూ రమణి గారూ ఆమెను ఎక్కించుకుని బయల్దేరాం. తలుపులు వెయ్యడానికి అత్త వెనకాగింది. ఆ గొంతు నూట ముప్పై దాకా చెప్పి ఆగిందని ఆమె తర్వాత చెప్పింది.

దవాఖానలో డాక్టరమ్మ గుండె చప్పుడు విన్నది. ఆవిడ మొహం మారింది. నేను కాగితాల మీద సంతకాలు పూర్తి చేసేలోపు సుజాతను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. బిడ్డ మెడకు పేగు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. ఆడపిల్ల. వెంటనే ఏడవలేదు. ఎంతసేపు ఏడవలేదో చెప్పను, అక్కడ నాకు కాలం తెలియలేదు. తర్వాత ఏడ్చింది.

ఇంకో గంట ఆగి వచ్చుంటే చెప్పడానికి నా దగ్గర మంచి మాట ఉండేది కాదని డాక్టరమ్మ అంది. ఆ గంట మా దగ్గర సిద్ధంగా ఉంది. టేపు వెనక్కి తిప్పి, మళ్లీ మొదటి నుంచి విని, అన్నాలు తిని, తీరిగ్గా వచ్చేవాళ్లం.

మూడో రోజు ఇంటికొచ్చి టేపు పెట్టాను. పన్నెండో ఎక్కం, గొంతు సవరింపు, "ఇగ చాలు బిడ్డా, పండుకో." ఆ తర్వాత ఉత్త గుర్రుమనే చప్పుడు. బస్ డిపో దగ్గర రేడియోలు బాగుచేసే అతనికి ఇచ్చాను. రెండు వైపులా ఆసాంతం విన్నాడు.

"దీన్ల ఏం లేదన్నా. ఆ పొద్దు జర మందు ఏసుకున్నవా?" అన్నాడు.

"నలుగురం ఏసుకున్నమా? మా అత్త గూడనా?" అన్నాను.

కారణాలు చెప్పడానికి మనుషులకు కొదవ లేదు. రమణి గారు పుస్తకం మహిమ అంది. తండ్రికి రాని ఎక్కం బిడ్డకు చెప్పే పద్ధతి ఏ పేజీలో ఉందో చూపించమన్నాను. చూపించలేదు. చనిపోయిన మా బాపు వచ్చి చెప్పాడంది అత్త. మా బాపు వేలిముద్ర వేసే మనిషి. "బతికినన్నొద్దులు రాని సదువు సచ్చినంక అబ్బిందా అత్తా?" అన్నాను. ఆమె తాయెత్తు తెచ్చింది. తెచ్చిన చేతికే తిరిగిచ్చేశాను. బిడ్డకు దిష్టి తీస్తామన్నవాళ్లను, పూజ పెట్టుకోమన్నవాళ్లను, నా ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లను గేటు దగ్గరి నుంచే పంపాను.

నా మటుకు నేను కూడా ఒక కారణం కట్టుకున్నాను. దెబ్బలతో పాటు ఆ ఎక్కం కూడా నా బుర్రలో ఏ మూలనో పడి ఉంటుంది, రికార్డు చేసేటప్పుడు నాకు తెలియకుండానే బయటికి వచ్చి ఉంటుంది. బాగానే ఉంది. మరి క్యాసెట్‌లో ఎందుకు లేదు? మేం భ్రమపడ్డామంటారా? నేనంటే సరే. నలుగురికీ ఒకే భ్రమ, అదీ లెక్క తప్పకుండా, ట్యూషన్ టీచర్ పక్కనుండగా?

అయినా దయ్యాల్లేవు. ఉన్నాయని ఎవరన్నా అంటే ఇప్పటికీ చాయ్ చల్లారిపోయేదాకా కొట్లాడతాను. గెలుస్తాను కూడా. ఇంటికొచ్చి గెలిచానని సుజాతకు చెప్తాను. ఆమె నాతో వాదించదు. సాయంత్రం కాలేజీ బస్సు ఆగిన చప్పుడు వినపడితే చాలు, చేతిలో పని ఆపి, "పోరి వచ్చింది, తలుపు తియ్యి పో," అంటుంది.

లేచి పోయి తీస్తాను.