చేరిందా గారు

పంపినది అవతలికి చేరిందని చెవులారా వినేదాకా ఆయనకి గొంతులోకి నీళ్లు కూడా దిగవు. అందుకే ఆఫీసంతా ఆయన్ని చేరిందా గారు అంటుంది. పక్క బల్లకి పెన్ను విసిరినా సరే, పట్టుకున్నవాడి మొహంలోకి చూస్తూ "చేరిందా?" అంటారు. ఇంట్లో మరీ విడ్డూరం. వాళ్లావిడ హాల్లోంచి లేచి వంటింట్లోకి వెళ్తే వెనకే కేక.

"చేరావా?"

"ఆఁ, క్షేమంగా చేరానండీ! దారిలో దొంగలెవరూ తగల్లేదు!"

అలాంటి మనిషి చేతికిందే పడింది కొత్తమ్మాయి. ఆ పిల్లని ఉంచాలో పంపెయ్యాలో మేనేజరు ఆ నెల్లోనే తేలుస్తాడు. వాళ్ల పని జనాల ఫోటోలు దాచిపెట్టడం. అన్నీ ఒక్క మెషిన్‌లో పట్టవు కదా, బోలెడు మెషిన్లకి వాటాలేసి ఉంచుతారు. ఒకటి ముసలిదైపోతే దాని వాటాని ఇంకోదానికి తరలించి, పాతదాన్ని శుభ్రంగా తుడిచేస్తారు.

ఆ రోజు తరలింపు ఆ పిల్లకే అప్పగించారు. మధ్యాహ్నానికల్లా తెర మీద "పూర్తయింది" అని పడింది. పిల్ల కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

"చేరిందా?" అన్నారు వెనకనుంచి.

"చేరిందండీ! పూర్తయిందని రాసుందిగా!"

"పంపే మెషిన్ అలాగే అంటుందమ్మా. పుచ్చుకున్నదాన్ని అడిగావా?"

అడిగినట్టు కాసేపు కీబోర్డు టకటకలాడించింది. "చేరిందట!"

"రెండువైపులా లెక్క సరిపోయిందా?"

"సరిపోయిందండీ బాబూ!"

"ఏదీ, ఇంకోసారి చూడు."

ఈయన తగులుకుంటే వదలడు రా నాయనా అని పిల్ల పళ్లు నూరుకుంది. అలా సతాయించి సతాయించి, చివరికి తన తెర వంక ఓసారి చూసుకుని, "సరే తల్లీ, తుడిచెయ్" అన్నారు. ఆ మాట పూర్తికాకముందే తుడిచేసింది.

ఇంకేముంది, ఫోన్ల మీద ఫోన్లు! పొద్దున పెట్టిన ఫోటోలు కనబడటం లేదట. ఒకావిడైతే మనవరాలి తొలి అడుగులు పోయాయని ఒకటే గగ్గోలు. అప్పటికి అర్థమైంది పిల్లకి. తరలింపు నడుస్తున్నంతసేపూ జనం కొత్త ఫోటోలు పెడుతూనే ఉన్నారు. లారీ కదిలాక పాతింటి గుమ్మంలో దిగిన సామాన్లలా అవన్నీ పాత మెషిన్‌లోనే పడ్డాయి. తను చూస్తే ఏకంగా ఇల్లే కూల్చేసింది. ఉద్యోగం గోవిందా!

"బాబాయ్ గారూ, కొంప ముంచాను. లెక్క చూడకుండానే చూశానన్నాను."

"మునగలేదులే. ఇటు రా."

ఆయన ఇంకో మెషిన్ తెరిచి చూపించారు. అందులో పాత మెషిన్ మొత్తానికీ నకలు ఉంది, మనవరాలి బుల్లి పాదాలతో సహా.

"ఇదెప్పుడు తీశారు?"

"నువ్వు నన్ను తిట్టుకుంటూ కూర్చున్నావే, అప్పుడు. కొత్తవాళ్లు తుడిచే ముందు ఒకటి తీసి పెట్టుకుంటా. అది అయ్యేదాకా నిన్ను మాటల్లో పెట్టాలా వద్దా?"

ఇద్దరూ ఫోటోల్ని కొత్త మెషిన్‌కి ఎక్కిస్తుండగా మేనేజరు ఊడిపడ్డాడు. "ఎవరిదీ నిర్వాకం?"

పిల్ల నోరు తెరిచేలోపు ఆయనే అందుకున్నారు. "నాదేనండీ. చేరాయో లేదో చూసుకుందామని కొన్ని ఆపాను. సాయంత్రానికి అన్నీ వచ్చేస్తాయి."

"మళ్లీ మీ గోలేనా! మీతో వేగలేక చస్తున్నాను!" అని తల బాదుకుంటూ వెళ్లిపోయాడు.

పిల్లకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా తప్పు మీరెందుకండీ నెత్తినేసుకున్నారు?"

"ఆయనకి నేనంటే ఎప్పటినుంచో విసుగే. నీ మీద కొత్తగా ఇంకోటి పుట్టించడం దేనికి, దండగ!"

ఏడవబోయిన పిల్ల ఫక్కున నవ్వేసింది.