సరస్వతి ఆకు, నాయన గొర్రెలు

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం నన్ను చిన్నప్పుడే పట్టింది. మాట బాగా వస్తుందని, తెలివి పెరుగుతుందని పసిదాన్నప్పుడు నా నాలుకకు వస అరగదీసి రాశారట. అయినా ఏడో ఎక్కం రాక నేను తిన్న దెబ్బలు నాకింకా గుర్తే. అందుకే సరస్వతి ఆకుతో నాయనకు మతిమరుపు తగ్గుతోందని అమ్మ ఫోనులో చెబితే నేను నమ్మలేదు.

మాది బేస్తవారిపేట దగ్గర పల్లె. నాయన ఊహ తెలిసినప్పటి నుంచి గొర్రెలు కాస్తున్నాడు. వాటిని ఏనాడూ లెక్కపెట్టలేదు. లెక్కపెడితే మంద తరిగిపోతుందని మా ఇంట్లో నమ్మకం. సాయంత్రం దొడ్డి తడిక పక్కన నిలబడి, మొహాలు చూసి, రానిదేదో చెప్పేవాడు. మొన్న వేసవిలో రెండుసార్లు గొర్రె రాకపోయినా గమనించక తడిక మూసేశాడు. ఇంకోసారి ఇట్ల జరిగితే మందను అమ్మేయడమేనని అన్న తేల్చి చెప్పాడు. అప్పటి నుంచి అమ్మ పరగడుపున ఆకు నూరి నేతితో పెడుతోంది. పక్కింటి సాయిబుల అవ్వ చెప్పిందని నానబెట్టిన బాదం పప్పులు కూడా మొదలుపెట్టింది. ఆ చేదు ముద్ద మింగేటప్పుడు నాయన మొహం చూడాలి.

నేను మార్కాపురంలో పిల్లలకు సైన్సు చెబుతాను. రుజువేందని అడిగాను. వచ్చి చూసుకోమంది. శనివారం బస్సెక్కి పోయాను. ఆ సాయంత్రం మంద వచ్చే వేళకు అమ్మ చేట పట్టుకుని తడిక దగ్గర నిలబడింది. ఆ బొల్లిది యాడ తిరుగుతాందో అని తనలో తాను గొణిగింది. వెంటనే నాయన, బొల్లిది రాలేదన్నాడు. అమ్మ చూశావా అన్నట్టు నావైపు చూసింది. ఏనాడూ గొర్రెల సంగతి పట్టించుకోని మనిషికి తడిక దగ్గర ఏం పని?

మరునాడు సాయంత్రం ఊరి మొదట్లో మందకు ఎదురుపోయాను. వెనకపడ్డ గొర్రెనొకదాన్ని నాయన కంటపడకుండా పట్టుకుని మేనత్త ఇంట్లో కట్టేశాను. అడ్డదారిన ఇంటికి వచ్చి, టీ పెట్టమని అమ్మను వంటింట్లోకి పంపాను.

నాయన తడిక దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి పోయిన మొహాలను మళ్లీ మళ్లీ చూశాడు. తర్వాత మెల్లగా తడిక మూశాడు.

"అన్నీ వచ్చినాయమ్మా," అన్నాడు.

పందెం గెలిచినదానిలాగా వంటింట్లోకి పోయి, నీ ఆకు గుట్టు తెలిసిందిలే అన్నాను. అమ్మ పొయ్యి మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఆకు సంగతి నాకు తెలవదా? మందను అమ్మేస్తే మీ నాయన పొద్దున్నే లేసి యాడికి పోవాల?"

నాకు సిగ్గేసింది. మేనత్త ఇంటికి పోయి గొర్రెను విప్పుకొచ్చాను. నాయన చూడకుండా దొడ్డిలోకి తోలాను. వచ్చే వారం నాయనను ఒంగోలులో డాక్టరుకు చూపిస్తానంటే అమ్మ సరేనంది. అంతలో అన్న ఫోన్ చేశాడు. నువ్వు దేన్నీ ఊరికే నమ్మవు కదా, చూసిందేందో చెప్పమన్నాడు.

"ఆకు పనిచేస్తాంది అన్నా," అన్నాను. "మందను అమ్మొద్దు."