పూడ్చిన పగులు

ఒసాఫునె ఊళ్లో కత్తులు చేసే కొలిముల కంటే వాటికి సాన పట్టే ఇళ్లు తక్కువ. ఆ కొద్ది ఇళ్లలో తొకుజిది ఒకటి. ముప్ఫయ్యేళ్లుగా అదే పొట్టి పీట, పక్కన నీళ్లతొట్టి, ముందు వరసగా సానరాళ్లు. చలికాలంలో వేళ్ల చివర్లు పగిలి మండుతున్నా గుడ్డపీలిక చుట్టనిచ్చేవాడు కాదు. చుడితే ఉక్కు చెప్పే మాట వేలికి అందదనేవాడు.

కమ్మరి కన్బెయ్ కొట్టిన కత్తులన్నీ తొకుజి చేతిమీదుగానే వెళ్లేవి. ఇద్దరూ ఒక ఈడువాళ్లు, చిన్నప్పుడు ఒకే ఏట్లో ఈత కొట్టినవాళ్లు. ఆ ఏడు కన్బెయ్ టోక్యో పోటీకని ఒక కత్తి తెచ్చి, "దీనితో నా పేరు నిలవాలిరా" అన్నాడు.

సాన మొదలైన పన్నెండో రోజున, చివరి రాయి మీద, మొనకు జానెడు ఇవతల వెంట్రుకంత గీత తేలింది. మడత మీద మడత వేసి కొట్టినప్పుడు ఒకచోట ఉక్కు అతకలేదు. తొకుజి కబురంపాడు.

కన్బెయ్ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఇది నీ రాయి చేసిన పని" అన్నాడు.

"రాయి ఉన్నదాన్ని బయటపెడుతుందిరా, లేనిదాన్ని పుట్టించదు."

కన్బెయ్ కత్తిని మెల్లగా కింద పెట్టాడు. తర్వాత చాప మీద చేతులాన్చి తల వంచాడు. "కప్పెట్టు. ఈ ఒక్కసారికి."

తొకుజి కప్పెట్టాడు. ఇసుకరేణువంత ఇనుము పొదిగి, నాలుగు రోజులు వేలితో రుద్దాడు. న్యాయనిర్ణేతల కళ్లు ఆ చోటు మీదుగా జారిపోయాయి. మొదటి బహుమతి కన్బెయ్‌దే.

గెలుపు విందులో కన్బెయ్ అందరికీ స్వయంగా సాకే సారా పోశాడు, తొకుజి దగ్గరికి మాత్రం రాలేదు. అతని తర్వాతి కత్తి సానకు కురాషికిలో మరొకరికి వెళ్లింది. ఆ తర్వాతవీ అంతే. 'పాపం, తొకుజికి చూపు మందగించింది' అన్న మాట ఊళ్లో ఎలా పుట్టిందో గానీ, మిగతా కొలిములవాళ్లూ ఒక్కొక్కరే మానేశారు.

"జరిగింది చెప్పెయ్యరాదూ?" అంది భార్య ఫుసాయె.

"ఏమని చెప్పను? పూడ్చిన చెయ్యి నాదేగా."

ఒకరోజు ఉడోన్ నూడుల్స్ దుకాణంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. తొకుజి గిన్నె పక్కకు జరిపాడు. "నా కళ్లకేమైందిరా? నువ్వే చెప్పు."

కన్బెయ్ గొంతు తగ్గించాడు. "నీ కళ్లకేం కాలేదు. నిన్ను చూసినప్పుడల్లా నాకు ఆ పగులే కనబడుతుంది. నేనేం చెయ్యను?" లేచి, సగం తిన్న గిన్నె అలాగే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత తొకుజి ఇంటికి కొడవళ్లూ, చేపలు కోసే కత్తులూ రావడం మొదలైంది. అవీ లేకపోతే పొయ్యి వెలగదు. మొదట్లో వాటినీ అన్ని రాళ్ల మీదా నడిపించేవాడు. ఒకసారి సత్రం వంటవాడు తన కత్తిలో మొహం చూసుకుని పకపకా నవ్వాడు. "తాతా, ఇది చేప కడుపు చీల్చడానికయ్యా! తెగితే చాలు. ఈ తళుకు ఎవరు చూస్తారు?"

"నిజమే" అన్నాడు తొకుజి.

అతను వెళ్లాక, మెరుగు తెచ్చే చివరి సన్నరాళ్లు మూడింటినీ తుడిచి, పాత బట్టలో చుట్టి, అటక మీద పడేశాడు. ఇంకా రెండు కొడవళ్లు మిగిలాయి. గరుకురాయి మీద నీళ్లు చల్లుకుని, మొదటిది అందుకున్నాడు.