అందరూ చూసిన తట్ట

2015లో నేను కోటబొమ్మాళి వీధుల్లో చేపలమ్మేదాన్ని. తట్టలోని ఐసు నీళ్లు మెడమీద కారి ఒళ్లంతా కంపు కొట్టేది. విసిగిపోయి, అంచు చుట్టూ కాలవ, నీళ్లు వెనక్కి పడేలా చిన్న ముక్కు ఉన్న తట్టను నేలమీద గీసి చూపించి, రేకు పనివాడికి కూలిచ్చి చేయించుకున్నాను.

ఏడాది తిరిగేసరికి సంతలో ప్లాస్టిక్ సామాన్ల కొట్టు నిండా అచ్చం అలాంటి తట్టలే! నేను గుడ్లప్పగించి చూస్తుంటే షావుకారు నలుగురిలో నవ్వాడు.

"ఏటమ్మా, మా తట్ట సూసి రేకుతో సేయించీసినావేటి?"

సిగ్గుతో తల దించుకుని అక్కణ్ణించి వచ్చేశాను. రోజూ నా దగ్గర చేపలు కొనే వకీలుగారి గుమ్మంలో తట్ట దించి గోడు చెప్పుకున్నాను.

"ఆలోచన నీది, కూలిచ్చి చేయించుకున్నదీ నువ్వే. ఆ రూపం మీద హక్కు నీకే వచ్చేదమ్మా. కానీ రిజిస్టరు చేయించకుండానే ఊరందరికీ చూపించేశావు. అందరూ చూసేసిన రూపాన్ని ఇంక రిజిస్టరు చెయ్యరు, లాభం లేదు" అన్నారాయన.

"సూపించకుండా ఎలాగ బాబూ?" అన్నాను. ఆయన చేపల బేరంలో పడ్డారు.

ఇప్పుడు మా వాడలో ఏ ఆడదాని మెడా తడవదు. అది సంతోషమే. కానీ నెత్తిమీది తట్ట ఎవరికీ కనబడకుండా చేపలెలా అమ్మాలో నాకు ఈనాటికీ తెలియలేదు.