యాడి మమ్మల్ని తెచ్చుకున్న రోజు

మా తండా మఠంపల్లి దాటాక కృష్ణా నది వైపు ఉంటుంది. మా లంబాడీలో అమ్మను యాడి అంటాం. నాకు ఏడేళ్లప్పుడు తుపాకులు పట్టిన అన్నలకూ పోలీసులకూ పోరు సాగుతుండేది. యాడి నాట్లకు గరిడేపల్లి పోయిన రోజు జీపులొచ్చాయి. అన్నలకు బువ్వ పెట్టాడని నాన్నను పట్టుకుపోయారు. పిల్లలకు దిక్కు లేదంటూ నన్ను సూర్యాపేటలో, చిన్న చెల్లెల్ని మిర్యాలగూడలో సర్కారు అనాథ హోముల్లో వేశారు.

హోంలో నా జుట్టు కత్తిరించి, పేరు మార్చారు. లంబాడీ మాట వినబడితే వార్డెన్ బెత్తం తీసేది. పోను పోను మా మాటలు ఒక్కొక్కటే మరచిపోతున్నానని తెలిసి, బట్టలుతికే బండ దగ్గర కూర్చుని ఏడ్చాను.

కోదాడ నుంచి సూర్యాపేట దాకా కనబడిన వాళ్లందరినీ అడుగుతూ, రెండేళ్లకు యాడి గేటు ముందుకొచ్చింది.

"ఈ పిల్ల నీదేనని రుజువేంది? పేరు గూడ కలుస్తలేదు," అంది వార్డెన్.

"కన్నదాన్ని నేనే. దాన్నే పిలువు, చెప్తది."

నన్ను పిలిచారు. అద్దాల రవికలో యాడి సగమైపోయింది. బెత్తం వార్డెన్ చేతిలోనే ఉంది. అయినా "యాడీ!" అని హోం దద్దరిల్లేలా అరిచాను. వరండాలోని తండా పిల్లలు కూడా లంబాడీలో కేకలందుకున్నారు. వార్డెన్ ఎవర్నని కొడుతుంది?

"హోం సార్ సంతకం గావాలె. రేపు రా," అంది వార్డెన్.

"రేపు గాదు. నా బిడ్డ లేకుంట ఈడికెళ్లి కదల," అని యాడి గేటుకు అడ్డంగా కూర్చుంది. మధ్యాహ్నానికి సంతకమైంది. చెల్లెలు మిర్యాలగూడ హోంలో ఉందని నేను చెబితే, విడుదల కాగితంలో దాని పేరూ రాయించింది.

మిర్యాలగూడలో చెల్లెలు ఆయా చీర వెనక దాక్కుంది. "ఈమె ఎవరు?" అని తెలుగులో అడిగింది. యాడి ముఖం చిన్నబోయింది కానీ, లాక్కోలేదు. నేలమీద కూర్చుని చేతులు చాచింది. నేనే దగ్గరికెళ్లి, "మన యాడే. రా, ఇంటికి పోదాం," అన్నాను. అది జంకుతూనే వచ్చి ఒళ్లో కూర్చుంది.

పొద్దుగూకే వేళ బస్సు దిగాం. చంకలో చెల్లెలు, చేతికి నేను. యాడి తండా నడిమధ్య నుంచి, ప్రతి గుమ్మానికీ వినబడేలా అరుస్తూ నడిచింది.

"తెచ్చుకున్న! ఇద్దర్నీ తెచ్చుకున్న!"

కోతలప్పటికి కేసు కొట్టేశారు. నాన్న కూడా ఇల్లు చేరాడు.