ఏటిలోంచి వచ్చిన గడప

ఊరికే వచ్చినదేదీ ఇంటికి తేవద్దని మా ఆయనకు పెళ్లైన నాటి నుంచీ చెబుతూనే ఉన్నాను. వింటే కదా. నాది కోహీర్. అక్కడి జామపండ్లకు ఎంత పేరో నా నోటికి అంత పేరని ఆయన ఎగతాళి చేసేవారు. ఆ నోరు ఊరికే పెరగలేదు, ఆయనతో కాపురం చేస్తే పెరిగింది.

అరవైలు మొదలైన రోజులు. జహీరాబాద్‌లో మేము సొంత ఇల్లు కట్టుకుంటున్నాం. ఆయన తహసీలు కచేరీలో గుమాస్తా. ఆ ఏడు మంజీర పొంగి తగ్గాక, న్యాల్‌కల్ వైపు మునిగిన పొలాలు చూసి రాసుకురమ్మని ఆయన్ను పంపారు. ఏం రాసుకొచ్చారో నాకు తెలియదు గానీ, ఎడ్లబండి మీద రెండు నల్లటి దుంగలు వేసుకొచ్చారు. వరద ఒక రైతు చేను గట్టున పాత కట్టెలు కుప్పగా తెచ్చి పడేసిందట. అందులో ఇవి రెండూ గట్టివట, టేకట, ఆ రైతు ఊరికే ఇచ్చాడట.

"ఊరికె ఎవలిస్తరు? ఆయనకు అక్కర లేదా కట్టె?" అన్నాను.

"మంచిగ ఇచ్చినా నీకు అనుమానమే," అంటూ దుంగను తట్టి చూసుకున్నారు. "గడపకు పెడితే మన మనవల కాలం దాక ఉంటది."

తలుపులు చేయడానికి వడ్లాయన వచ్చాడు. మా బజారులో అందరి దర్వాజాలూ ఆయన చేసినవే. ఆయనకొక పట్టింపు ఉండేది. గడపకు పెట్టే కట్టె ఎక్కడిదో తెలియకుండా ఉలి ముట్టించడు. వల్లకాటి చెట్టు, గుడి కట్టె, అకాల చావు చూసిన కట్టె గడపకు పనికిరావని వాళ్ల తాత చెప్పిన మాట. దుంగను దొర్లించి, దాని వెంట వరుసగా ఉన్న మేకు రంధ్రాలు చూపించాడు.

"ఇది యాడిది సారూ?"

"ఏట్లకెల్లి వచ్చింది."

"ఏట్లకు యాడికెల్లి వచ్చింది?"

వడ్లాయన సంచి భుజాన వేసుకున్నాడు. "తెలుసుకోని చెప్పున్రి. అందాక నేను ముట్ట."

అంతే, నాకు దిగులు మొదలైంది. అప్పుడు నాకు ఆరో నెల. అంతకు ముందు, కిరాయి ఇంట్లో ఉండగా, నాకొక కొడుకు పుట్టి పురుడు కూడా వెళ్లకముందే పోయాడు. ఈ బిడ్డన్నా దక్కాలి. నాకు కావలసింది అదొక్కటే. దక్కాలంటే కొత్త ఇంట్లో కాన్పు కావాలి, ఆ ఇంటి గడప మంచిదై ఉండాలి. నవ్వేవాళ్లు నవ్వుకోనీ. పోగొట్టుకున్నదాన్ని నేను.

కంటి మీద కునుకు లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. పొయ్యి మీద పప్పు పెట్టి, సగం లేచిన గోడల దగ్గరికి పోయి ఆ దుంగలను చూసి వచ్చేదాన్ని. వచ్చేసరికి పప్పు మాడి ఉండేది. వేరే కట్టె కొనండి అంటే, "పైసలు చెట్లకు కాస్తయా?" అనేవారు. "కట్టె కాస్తది గద," అనేదాన్ని. మాడిన పప్పు తిని తినీ చివరికి ఆయనే దిగివచ్చారు. ఆ కట్టెలు రైతు చేనుకు ఎగువనున్న మడుగులోంచి లేచి ఉంటాయని అక్కడివాళ్లు అంటున్నారట. ఏట్లో చేపలు పట్టేవాళ్లలో గజ ఈతగాళ్లు ఉన్నారు, దింపి చూపిస్తాను, నీ మనాది తీరుతుంది అన్నారు.

"నేను గూడ వస్త."

"కడుపుతోని ఏటికి పోవద్దంటరు."

"మీ నోట్లకెల్లి ఆచారం వినుడు ఇదే మొదలు," అన్నాను.

చలి మొదలై నీళ్లు తేటబడ్డాక పోయాం. న్యాల్‌కల్ దాకా బస్సు, అక్కడి నుంచి బండి. మడుగు దగ్గర ఇద్దరున్నారు. దిగేవాడు నా ఈడువాడు. తాడు పట్టుకునేవాడు అతని బావ. అతను నడుముకు తాడు బిగించుకుని, ఒక రాయిని రొమ్ముకు హత్తుకుని మునిగాడు. నీళ్ల మీద బుడగలు లేచి ఆగిపోయాయి. నేను ఇసుకలో అటూ ఇటూ తిరుగుతున్నాను. కూర్చోమని మా ఆయన, నా కాళ్లు వింటేనా.

మొదట తుప్పు పట్టిన మేకొకటి తెచ్చాడు. మా దుంగలకున్న రంధ్రాలంత లావుంది. మళ్లీ దిగాడు. ఈసారి చాలాసేపటికి తేలాడు. తేలినవాడు మా వైపు రాకుండా, కొంచెం దూరంగా ఇసుక మీద, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. అలసిపోయాడనుకున్నాను. ఎంతకూ లేవకపోయేసరికి నేనే దగ్గరికి పోయాను.

"ఏమున్నది తమ్మీ? చెప్పరాదూ?"

తిరిగి నా మొహం చూశాడు, తర్వాత కడుపు చూశాడు. "ఎన్నో నెల అమ్మా?"

"నా నెలల సంగతి తర్వాత. కింద ఏమున్నది?"

"నావ. ఎన్కట జనాన్ని దాటిచ్చిన నావ. సగం ఇసుకల కూరుకపోయింది, సగం ఈ వరదకు ఊడింది. మీ కట్టెలు దానియే."

"మునిగిందా?"

"మునిగింది."

"మనుషులు?"

అతను తల వంచి చెవిలో నీళ్లు దులుపుకున్నాడు. "అందరు ఒడ్డు పట్టిన్రు. ఒక్క పానం గూడ పోలే. ఫికర్ చెయ్యకున్రి అమ్మా, మంచి కట్టె అది. మందిని బతికిచ్చిన కట్టె."

అతని బావ ఏదో అనబోయాడు. "తాడు చుట్టు బావా," అన్నాడు అతను. బావ తాడు చుట్టుకున్నాడు.

తిరిగి వస్తూ బండిలోనే నిద్రపోయాను. ఎన్ని వారాల నిద్రో అది. సంగతి విని వడ్లాయన కూడా మెత్తబడ్డాడు. రంధ్రాల్లో చెక్క ముక్కలు కొట్టి పూడ్చి, పసుపు రాసి గడప నిలబెట్టాడు. నెలలు నిండాక ఆ ఇంట్లోనే ఆడపిల్ల పుట్టింది. బజారంతా వినబడేలా ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చినా ఊరుకోమనలేదు నేను.

బిడ్డ పాకడం నేర్చిన రోజుల్లో ఒక ముసలామె చేపల గంపతో మా వాకిట్లో నిలబడింది. చేపలు వద్దవ్వా అన్నాను. కదల్లేదు. ఎండ సంగతి మాట్లాడింది, మంచినీళ్లు అడిగి తాగింది, బిడ్డ పేరు అడిగింది. చల్లకొచ్చి ముంత దాచినట్టు ఈ తిప్పలేమిటని నాకు విసుగు పుట్టింది.

"ఏం గావాలె అవ్వా? సక్కగ చెప్పు."

"మా నావ కట్టె మీ ఇంట్ల ఉన్నదట బిడ్డా. నా కొడుకే గద మీకోసం మడుగుల దిగింది. ఇన్నొద్దులు నాకు చెప్పనే లేదు వాడు. ఒక్కపారి చూసి పోత."

నాకు సంతోషమైంది. "రా అవ్వా. ఇగో ఇదే. అందర్ని ఒడ్డుకు చేర్చిన నావ అని మీ కొడుకు చెప్పిండు."

ఆమె గంప దించి నా వైపు వింతగా చూసింది. "అందరు యాడ బిడ్డా? కొందరే ఒడ్డు పట్టిన్రు. నావ నడిపింది మా ఇంటాయన. పోయిండు. నా పెద్దకొడుకు ఆయన ఎంబడి ఉండె. వాడూ పోయిండు. శవాలు గూడ దొరకలే."

నాకు ముందు కోపమే వచ్చింది. నన్నింత మోసం చేస్తాడా, నా బిడ్డ తిరిగే గడపకు ఇట్లాంటి కట్టె పెట్టిస్తాడా అనుకున్నాను. అంతలోనే ఇసుక మీద మాకు వీపు పెట్టి కూర్చున్న మనిషి కళ్ల ముందుకొచ్చాడు. తండ్రీ అన్నా పోయిన నావను చేతులతో తడిమి వచ్చి, తన ఏడుపు తాను మింగి, ముక్కూ మొహం తెలియని నా కడుపు కోసం ఆ మాట అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు.

"ఏమన్నడు బిడ్డా వాడు?" అని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె వంగి, పసుపు మీద వేళ్లు పెట్టి, పూడ్చిన రంధ్రాలను ఒక్కొక్కటే తడిమింది. "వాని నాయిన గూడ గంతే," అంది. "నావ లోపటికి నీళ్లు వస్తున్నా, ఏం గాదు, ఏం గాదు అనుకుంటనే నడిపిండట."

అని గడప మీదే కూలబడింది. గడప మీద కూర్చోకూడదు. వేరెవరైనా అయితే నా నోటికి పని పడేది. నేను బిడ్డను ఎత్తుకుని, ఆమె పక్కనే గడప మీద కూర్చున్నాను.